రెండోసారి కట్టిన వేప మండలు

శంషాబాద్ ఎయిర్‌పోర్టు దగ్గర కార్గో షెడ్డులో నా ఉద్యోగం. పొద్దున్నే విదేశాలకు పోయే కూరగాయల పెట్టెలు వస్తాయి. మొన్న ఒక పెట్టె మూత తెరవగానే కొత్తిమీర వాసన గుప్పుమంది. చేతిలో ఉన్న కాగితం ఎందుకు పట్టుకున్నానో గుర్తురాక నేను అలాగే నిలబడిపోయాను. కరోనా వచ్చి, ఊపిరందక తొమ్మిది రోజులు దవాఖానలో ఉండి ఇల్లు చేరి ఎనిమిది నెలలైంది. రిపోర్టులన్నీ బాగున్నాయి, బాగాలేనిది నేనే. పప్పులో ఉప్పు వేశానో లేదో తెలియదు, ఉన్నట్టుండి గుండె దడ, ఆటో హారన్ వింటే ఏడుపు. "నెగెటివ్ వచ్చింది గదా, ఇంకేంది?" అని మా ఆయన అడుగుతాడు. పాపం, కోపంతో కాదు, నిజంగానే తెలియక. ఆ మాటే చిన్నప్పుడు ఇంకోలా విన్నాను, మా వాకిట్లో, మా చిన్నమ్మను అడుగుతుండగా.

మాది శంషాబాద్‌ను ఆనుకుని ఉన్న ఊరు. అందరివీ ఆకుకూరల మళ్లే. చలికాలం మెంతికూర, ఎండాకాలం నీళ్లున్నంత మేర పాలకూర, వానలు పడితే పుదీన, ఏడాది పొడుగునా కొత్తిమీర. సాయంత్రం కాగానే ఇంటిల్లిపాదీ వాకిట్లో గోనెపట్టాలు పరుచుకుని కూర్చుని, తడిపిన జనపనారతో కట్టలు కట్టేవాళ్లం. పొయ్యి మీద మక్కగారెలు వేగుతుంటే ఆ నూనె వాసన, ఈ పచ్చి ఆకుల వాసన, తడి గోనెపట్టా వాసన కలిసి మా బట్టలకు పట్టేవి. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల "నువ్వు కూర లెక్క వాసనొస్తవే" అనేది. నేను ఆ పిల్ల తలనూనె గురించి చెప్పాల్సింది చెప్పేదాన్ని.

కట్టలు కట్టడంలో మా చిన్నమ్మను మించినవాళ్లు లేరు. ఆమె మా బాపు తమ్ముడు చిన్నబాపు భార్య, కొత్తూరు ఆడపిల్ల. చేతుల వైపు చూడకుండానే కట్టేది, నోటితో పొడుపు కథలు వేసేది. అన్ని కట్టలూ ఒకే లావు ఎలా వస్తాయో అర్థంకాక నేను దొంగతనంగా రెండు కట్టలు విప్పి కాడలు లెక్కపెట్టాను. నాలుగే కాడలు తేడా! "ఈ పోరి పోలీసోళ్లకన్న ఎక్కువ ఆరా తీస్తది" అని నాయనమ్మ తిట్టింది. చిన్నమ్మ మాత్రం పడీపడీ నవ్వింది. అష్టాచెమ్మాలో నన్ను మోసం చేసి గెలిచినప్పుడు కూడా అలాగే నవ్వేది. నాకు ఆమె అంటే ప్రాణం.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, మామిడి పిందెల కాలంలో ఆమెకు తల్లి పోసింది. అమ్మవారు, పొక్కులు, ఎవరేమన్నా మా ఇంట్లో అది పోచమ్మ తల్లే. గుమ్మానికి వేప మండలు కట్టారు. ఇంట్లో పోపు బంద్. ఊరికి పోవడం, ఊరి నుంచి రావడం బంద్. ఆమె ఏం అడిగితే అది పెట్టాలి, ఎంతసేపు పడుకున్నా లేపకూడదు, ఆమె ముందు గట్టిగా మాట్లాడకూడదు. ఊరంతా వినబడే గొంతున్న మా నాయనమ్మ గుసగుసలాడుతుంటే నాకు భలే నవ్వొచ్చేది. కానీ అయిదో రోజు జ్వరం తలకెక్కింది. ఫిట్స్ వచ్చాయి. చిన్నబాపు పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. పదిహేను రోజులకు ఆమె బతికి వచ్చింది. పసుపు, వేపాకు కలిపిన నీళ్లు పోసి, తల్లికి సాక నీళ్లు ధారగా పోసి, మండలు విప్పి పోచమ్మ గుడి దగ్గర పెట్టి వచ్చారు. తల్లి వెళ్లిపోయింది, జబ్బు అయిపోయింది అన్నారు.

అయితే వచ్చినామె మా చిన్నమ్మలా లేదు. ఇదేం సంగతో కనుక్కోవాలని నేను ఆమె వెనకాలే తిరిగాను. కట్ట కట్టి, మళ్లీ విప్పి, మళ్లీ కట్టేది, చివరికి పక్కకు పోయి పడుకునేది. ఆమె నేర్పిన పొడుపు కథే అడిగితే నా మొహం చూసేది. అప్పుడే కొత్తగా విమానాలు మా ఇళ్ల మీదుగా దిగుతున్నాయి, చప్పుడు వినగానే పిల్లలమంతా వాకిట్లోకి ఉరికేవాళ్లం, ఆమె మాత్రం చెవులు మూసుకుని గోడ మూలకు ఒదిగేది. మధ్యాహ్నం అన్నం ముందు పెట్టుకుని కళ్లనీళ్లు కార్చేది. "ఎందుకు ఏడుస్తున్నవ్ చిన్నమ్మా?" అంటే "నాకే తెల్వది బిడ్డా" అనేది. అంత పెద్ద మనిషికి తను ఎందుకు ఏడుస్తున్నదో తెలియకపోవడం నాకు వింతగా ఉండేది, భయంగానూ ఉండేది.

"నీళ్లు పోసి రెండు నెలలాయె, ఇంక పండుడేంది? వేషాలు గాకపోతే!" అని నాయనమ్మ గొంతు మళ్లీ ఊరంతా వినబడసాగింది. చిన్నబాపు పొద్దున్నే కాటేదాన్ కార్ఖానాకు పోయేవాడు, వచ్చి తలొంచుకుని తినేవాడు. చివరికి చిన్నమ్మ అన్నకు కబురు పోయింది, ఆదివారం వచ్చి కొత్తూరు తీసుకుపొమ్మని. పంపితే మళ్లీ తెచ్చేది లేదని నాయనమ్మ మా అమ్మతో అనడం నా చెవులతో విన్నాను.

ఆదివారానికి రెండు రోజులే మిగిలాయి. ఒకటే ఆలోచన. తల్లి ఉన్నన్నాళ్లు ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. ఆమెకు ఇంకా బాగాలేదు కాబట్టి తల్లి ఇంకా పోలేదు. పెద్దవాళ్లే తొందరపడి విప్పేశారు. శనివారం అందరూ మళ్లలో ఉండగా వేపచెట్టు ఎక్కి, నాలుగు మండలు విరిచి, కూర కట్టలు కట్టే జనపనారతోనే గుమ్మానికి కట్టేశాను.

నాయనమ్మ వచ్చి చూసి నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "ఎవరు కట్టిండ్రే గివి?"

"నేనే. చిన్నమ్మకు తక్కువ కాలే గదా. తల్లి ఇంట్లనే ఉన్నది."

వీపు మీద ఒక్కటి పడింది. అంతే, రెండోదానికి లేచిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఎవరు కట్టినా కట్టినవి కట్టినట్టే. తొమ్మిది రోజులు కాకుండా విప్పితే తల్లికి కోపమొస్తుందని మా అందరికీ నేర్పింది ఆమే! పోపు బంద్ అయింది. కొత్తూరు నుంచి వచ్చిన అన్న మండలు చూసి గడప అవతల నుంచే తిరిగి వెళ్లిపోయాడు.

తిట్టడానికి లేకపోవడంతో నాయనమ్మకు చూడటం తప్ప పని లేకపోయింది. చిన్నమ్మ ఉప్పు చేతిలోకి తీసుకుని పొయ్యి ముందు ఎంతసేపు నిలబడిపోతుందో చూసింది. విమానం వచ్చినప్పుడు ఆమె ఎలా వణుకుతుందో చూసింది. ఆరో రోజు వెళ్లి ఆమె తలను తన ఒళ్లో పెట్టుకుంది. తొమ్మిదో రోజు నీళ్లు పోశాక చిన్నబాపుతో అంది: "పిల్లకు మంచిగ లేదురా. వేషం గాదు. నాదే తప్పు. పెద్ద దవాఖానకు తోలుకపో." అక్కడి డాక్టరు, జ్వరం పోయినా మెదడు, మనసు కుదుటపడటానికి చాలా కాలం పడుతుందని చెప్పి మందులు రాశాడట. కొత్తూరు మాట మళ్లీ రాలేదు.

ఇప్పుడు ఆ మళ్లు లేవు, గోదాములు లేచాయి. గుమ్మాలకు మండలు కట్టేవాళ్లు కూడా తక్కువ. పోతే పోనీ, జబ్బుకు డాక్టరు ఉన్నాడు. కానీ ఇంట్లో అందరి నోళ్లూ ఒకేసారి మూయించగలిగింది ఒకటి ఉండేదే, దాని చోట ఏమీ రాలేదు.

పోయిన ఆదివారం రాజేంద్రనగర్‌లో చిన్నమ్మ ఉంటున్న కిరాయి ఇంటికి పోయాను. అంతా చెప్పి, ఆరా తీసే బుద్ధి ఎక్కడికి పోతుంది, అడిగాను: "నీకు ఎన్ని దినాలకు తక్కువైంది? మొత్తం పోయిందా?"

"రెండేండ్లు మందులేసుకున్న. చానా తక్కువైంది. మొత్తం అంటే చెప్పలేను బిడ్డా, గా పొడుపు కథలైతే మళ్ల రాలే."

ఇంతలో మా ఆయన ఫోన్. నేను తీసేలోపే చిన్నమ్మ అందుకుంది. "అల్లుడా, పిల్లకు మంచిగ లేదు. రేపు దవాఖానకు నేను తోలుకపోత. ఇయ్యాల ఈడనే ఉంటది." అటువైపు ఏమన్నాడో, ఆమె మళ్లీ అదే మాట, అదే నెమ్మదితో చెప్పి ఫోన్ పెట్టేసింది.

"పండు" అంటూ చాప పరిచింది. పొద్దున పదకొండు గంటలకు, ఎవరికీ ఏ సంజాయిషీ చెప్పకుండా, పడుకున్నాను.