వంకర కార్డుల పెట్టె

"నీ గోల్‌కీపర్ని నాకిచ్చెయ్, నా కెప్టెన్ని నువ్వు తీసుకో" అంటూ పిల్లలు వీధి అరుగుల మీద బేరాలాడుకునే ఆటగాళ్ళ కార్డులు ఎక్కడో ఒకచోట తయారవ్వాలి కదా. ఈ అక్కాచెల్లెళ్ళు పనిచేసే రేకుల షెడ్డు అలాంటిదే. చెల్లెలు కటింగ్ మెషిన్ మీద నిలబడి అచ్చయిన షీట్ల కట్టల్ని కోస్తుంది. అక్క ఆ పక్క బల్ల దగ్గర కూర్చుని, కోసిన కార్డుల్ని వేళ్ళతో విప్పి చూసి, వంకరవి ఏరేస్తుంది.

ఏరిన వంకరవి ఎర్ర డబ్బాలో పడాలి. సాయంత్రం సూపర్వైజరు వచ్చి, వాటిని కోసిన వాళ్ళ పేర్లు గోడమీది నల్లబోర్డుకి ఎక్కిస్తాడు. పేరు మాటిమాటికీ ఎక్కితే మనిషి లోడింగుకి పోవాలి, అక్కణ్నుంచి ఇంటికి. మెషిన్ ముసలిదైందా అని అడిగే గడి ఆ బోర్డు మీద లేదు. తప్పు ఎప్పుడూ మనిషిదే.

అందుకని అక్క వంకర కార్డుల్ని డబ్బాలో వెయ్యడం మానేసింది. కోటు జేబులో కుక్కుకుని ఇంటికి తెచ్చి, మంచం కింద రేకుపెట్టెలో దాచేది.

"ఇవాళ కూడా నీవి ఒక్కటీ లేవే. చెయ్యి కాదే నీది, బంగారం!" అనేది.

చెల్లెలు ఉబ్బితబ్బిబ్బయ్యేది. "మరి నువ్వేంటక్కా, కూరగాయలు కూడా తిన్నగా తరగవు?" అని ఆటపట్టించేది.

తల్లి పోయాక చెల్లెల్ని చంకనేసుకుని పెంచింది అక్క. పిల్లని కాపాడుకోవడమంటే ఆవిడకి తెలిసిన దారి ఒక్కటే, గుట్టుచప్పుడు కాకుండా భారమంతా తన నెత్తినేసుకోవడం.

ఆ పెట్టెలో ఒక్కో కార్డుదీ ఒక్కో కథ. ఒంటికన్ను గోల్‌కీపరు, ఒళ్ళు కాలిపోతోందని చెల్లెలు సెలవడిగితే "మెషిన్‌కి రాలేదుగా జ్వరం" అని సూపర్వైజరు వెక్కిరించిన రోజుది. తల తెగిన కెప్టెన్, చెల్లెలు కొత్త చెప్పులేసుకొచ్చి షెడ్డంతా టకటకలాడించిన రోజుది. ఇద్దరు ఆటగాళ్ళు చెరిసగం అతుక్కుపోయిన కార్డు, అక్కాచెల్లెళ్ళిద్దరూ అలిగి ఎడమొహం పెడమొహంగా తిరిగిన రోజుది. అది చూసినప్పుడల్లా అక్కకి నవ్వాగేది కాదు.

నవ్వులో పడి ఆవిడ ఒకటి పట్టించుకోలేదు. కార్డులు రానురాను మరీ వంకరపోతున్నాయి. షీట్ల కట్టను అదిమిపట్టే ఇనప పట్టీ వదులవుతోంది. పై షీటు తిన్నగానే ఉంటుంది, జారేవి అడుగువి. కోసే మనిషికి అది కనబడదు. ఎర్ర డబ్బా నిండితేనే మెకానిక్కుకి కబురు వెళ్తుంది. డబ్బా ఖాళీ, కబురూ లేదు.

ఒక మధ్యాహ్నం ఆ పట్టీ ఊడింది. జారిపోతున్న కట్టను సర్దబోయిన చెల్లెలి కుడిచెయ్యి మణికట్టు దాకా తెగిపోయింది.

విచారణకి ఒక అధికారి వచ్చాడు. "మెషిన్ భేషుగ్గా ఉందండీ," అన్నాడు మేనేజరు. "నెలల తరబడి దాన్నుంచి ఒక్క వంకర కార్డు రాలేదు. ఈ అమ్మాయే పరధ్యానంగా చెయ్యి పెట్టింది."

"అవునండీ, నేను కోసింది ఒక్కటీ వంకరపోలేదు," అంది చెల్లెలు, కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, తలెత్తి.

అక్క నోరు విప్పితే ఉద్యోగం పోతుంది, పోతే పోయింది. కానీ ఆ పిల్లకి మిగిలిన ఆ కాస్త గర్వం కూడా పోతుంది. విప్పకపోతేనో, చెయ్యి పోగొట్టుకున్న పిల్ల నెత్తినే తప్పు. ఇంటికి పరిగెత్తి, పెట్టె తెచ్చి, అధికారి ముందు బోర్లించింది.

"ఇవెక్కడివమ్మా?"

"ఆ మెషిన్‌వేనండీ. చెల్లెలి పేరు బోర్డెక్కకూడదని నేనే దాచాను."

మేనేజరు లేచి నిలబడ్డాడు. "విన్నారా! దాచింది ఈవిడ. తప్పంతా ఈవిడదే!"

"నాదేనండీ, కాదన్లేదు. మరి మెషిన్ పాడైతే మనిషి పేరు రాసే ఆ బోర్డెవరిది? నాదా?"

అధికారి మెషిన్‌లోనే లోపమని రాసుకున్నాడు. పరిహారం చెల్లెలికి ఇప్పించారు. అక్కని అదే రోజు పనిలోంచి తీసేశారు.

చెల్లెలు మాత్రం ఎడంచేత్తో కార్డులు ఒక్కొక్కటే తిప్పి చూస్తూ ఉండిపోయింది.

"ఇవన్నీ నేను కోసినవా?"

"మెషిన్ కోసినవే తల్లీ. నువ్వు కాదు."

"ఒక్క మాట చెప్పుంటే మెషిన్ ఆపేసేదాన్ని కదక్కా."



ఆస్పత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ చెల్లెలికి అక్కే తల దువ్వుతోంది. మర్నాడు పొద్దున కూడా దువ్వెన పట్టుకుని గుమ్మంలో కూర్చుంది. చెల్లెలు వచ్చి, ఆ దువ్వెన అందుకుని, పక్కవాటాలో ఉండే పిన్ని దగ్గరికి వెళ్ళిపోయింది. మధ్యలో ఉన్నది పల్చటి గోడ.

"పిన్నీ, కాస్త జడ వేస్తావా?"

"అదేంటే, మీ అక్క లేదా ఇంట్లో?"

"లేదు," అంది చెల్లెలు.