బీరువాను పడగొడితేనే నల్లబెల్టు

ఆమెను అందరూ బీరువా అని పిలుస్తారు. ఆడమనిషికి అదేం పేరు, పెట్టినవాళ్ళ నోరు పడిపోను అని మీరు విసుక్కోనక్కర్లేదు. ఆమే విసుక్కోలేదు. ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు మోయడం ఆమె పని. భర్త వ్యాను నడుపుతాడు, ఆమె మోస్తుంది. ఒకసారి మూడో అంతస్తు నుంచి ఇనప బీరువా దించుతుంటే మెట్ల మలుపులో ఇరుక్కుపోయింది. మోయడానికి వచ్చిన ఇద్దరు మగాళ్ళు అటు తిప్పు, ఇటు తిప్పు అని ఒకరిమీద ఒకరు అరుచుకోవడం తప్ప చేసిందేమీ లేదు. ఆమె ఇద్దర్నీ తప్పుకోమని, మోత పట్టీ భుజాలకు వేసుకుని, వీపు ఆనించి, ఒక్కో మెట్టే దిగుతూ దాన్ని వీధిలోకి తెచ్చి నిలబెట్టింది. అద్దం మీద గీత కూడా పడలేదు. వెక్కిరింతకే పెట్టారు ఆ పేరు. ఆమె మాత్రం దాన్ని కిరీటంలా నెత్తిన పెట్టుకుంది. వ్యాను వెనక రాయించుకుందామా అని భర్తను అడిగింది కూడా.

"వద్దులే," అన్నాడు డ్రైవరు. "చదివినవాళ్ళు మనం బీరువాలు అమ్ముతున్నామనుకుంటారు."

అలాంటి మనిషి నడివయసులో జూడో హాల్లో అడుగుపెట్టడానికి కారణం కూడా మోతే. ఆ హాలు పాతచోటు ఖాళీ చేసి టైర్ల షాపు పైనున్న గదికి మారింది. మ్యాట్లన్నీ ఆమే పైకి చేర్చింది. నేర్పే మాస్టారు ఉఫ్ అని ఊదితే ఎగిరిపోయేంత బక్కమనిషి. అరవై దాటినా నిటారుగా ఉంటాడు. ఆమె మ్యాట్లు దొంతరగా ఎత్తుకొస్తుంటే గుమ్మంలో నుంచుని చూసి, "బలం గాడిదక్కూడా ఉంటుందమ్మా. పట్టు తెలిసినవాడిదే గెలుపు," అన్నాడు.

ఆమెకు ఒళ్ళు మండింది. "ఆ గాడిద మోయకపోతే మీరు ఉత్త గచ్చు మీద పడుండేవాళ్ళు మాస్టారూ!"

ఆయన నవ్వాడు. "కోపమొచ్చిందా? అయితే రా, నన్ను తొయ్యి."

తోసింది. మరుక్షణం ఆమెకు పైకప్పు కనబడింది. ఎలా పడిందో ఆమెకే తెలియదు. లేచి కూర్చుని, నడుం తడుముకుని, పగలబడి నవ్వింది. తన బలాన్నే తనకు అప్పగించి పడేసిన మనిషిని ఆమె అంతకుముందు చూడలేదు. మర్నాడు సాయంత్రం పని కాగానే స్నానం చేసి హాలుకు వెళ్ళి, నేర్చుకుంటానంది.

ఆ హాల్లో ఇనుముకు ప్రవేశం లేదు. ఎవరైనా కండలు పెంచే డంబెల్స్ పట్టుకొస్తే మాస్టారు వాటిని మెట్లమీదే వదిలేసి రమ్మనేవాడు. సాధనలో ఎవరైనా పట్టు మాని బలం వాడితే ఒక్క చప్పట కొట్టేవాడు. అప్పుడు ఇద్దరూ ఒకరికొకరు వంగి దండం పెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టాలి. మొదట్లో బీరువా నేర్చుకున్నదల్లా దండాలు పెట్టడమేనని డ్రైవరు ఇప్పటికీ ఆటపట్టిస్తాడు. కానీ ఆమె నేర్చుకుంది. ఎప్పుడు లాగాలో, ఎక్కడ నడుం చొప్పించాలో, ఎదుటిమనిషి బరువు ఏ కాలిమీద ఉందో ఒక్కొక్కటే ఒంటపట్టించుకుంది.

ఒక్కటే రాలేదు. పడటం.

దానికి ఆమెను తప్పుపట్టలేం. వీపు మీద ఫ్రిజ్ ఉన్నప్పుడు మెట్లమీద పడితే మళ్ళీ లేవడం ఉండదు. ఆ ఒళ్ళు ఏళ్ళ తరబడి నేర్చుకున్నది పడకుండా ఉండటమే. హాల్లో మిగతావాళ్ళు మాత్రం ముచ్చటగా పడేవాళ్ళు. కాలర్ మీద చెయ్యి పడి, నడుం కాస్త తిరిగితే చాలు, గాల్లో గుండ్రంగా తిరిగి చాప పరిచినట్టు పడేవాళ్ళు. అలా పడటం ఎదుటివాళ్ళకిచ్చే మర్యాద. ఆ మర్యాద ఏటికేడాది పెరిగి పెరిగి, చివరికి పట్టు పూర్తికాకముందే పడిపోయే స్థితికి వచ్చింది. లోపలున్నవాళ్ళకి అది కనబడలేదు.

పోటీలకు వెళ్ళినప్పుడు మాత్రం తెలిసొచ్చేది. ఆ హాలు పిల్లలు మొదటి ఆటలోనే ఓడి ఇంటిముఖం పట్టేవాళ్ళు. "వాళ్ళది జూడోనా? గొడ్డుబలం!" అనేవాడు మాస్టారు. ఆయన కూతురు అందరికంటే అందంగా పట్టు వేసే పిల్ల. ఆ పిల్ల కూడా ప్రతిసారీ ఎర్రబడిన కళ్ళతో తిరిగొచ్చేది.

అలా ఒక పోటీ నుంచి తిరిగొచ్చిన మర్నాడు మాస్టారు కూతుర్ని బీరువాకు జత చేశాడు. పిల్ల తన పేరుమోసిన భుజం పట్టు వేసింది. కాలర్ అందుకుంది, గిర్రున తిరిగింది, వంగింది. బీరువా నిలబడే ఉంది. మళ్ళీ వేసింది. బీరువా మళ్ళీ నిలబడే ఉంది. మాస్టారు చప్పట కొట్టాడు.

"బలం పెడుతున్నావు."

"లేదు మాస్టారూ. ఊరికే నిలబడ్డానంతే."

"మొండికేస్తున్నావు," అని కూతుర్ని పక్కకు జరిపి, తనే వచ్చాడు.

ఆయన చేతులు కాలర్ మీద పడ్డాయి. మొదటిరోజు తను తోసింది కాబట్టి ఆ తోపుతోనే పడేశాడు. ఇవాళ తను తొయ్యడం లేదు. ఆయన తిరిగాడు. వేళ తప్పలేదు, నడుం రావలసిన చోటికి వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చింది. కాళ్ళలో మాత్రం ఎత్తే సత్తువ లేదు. పడిపోవే, నీ సొమ్మేం పోయింది అంది మనసు. పెద్దాయన, విద్య చెప్పినవాడు, అందరూ చూస్తున్నారు. కానీ తను పడితే ఆ పిల్ల వచ్చే పోటీలోనూ ఏడుస్తూనే తిరిగొస్తుంది. ఆమె నిలబడింది. కింద టైర్లకు గాలి కొడుతున్న చప్పుడొక్కటే వినబడింది.

"మాస్టారూ, పడమంటే పడతాను," అంది మెల్లగా. "గౌరవం లేక కాదు. మీరు విసరకముందే మేమంతా పడిపోతున్నాం. బయటివాళ్ళు పడట్లేదు."

ఆయన కాలర్ వదిలేశాడు. "ఇవాల్టికి చాలు," అని లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

ఇంట్లో ఆమెకు ముద్ద దిగలేదు. సంగతి విన్న డ్రైవరు, "ఒక్కసారి పడిపోతే నీ ఆస్తులేమన్నా కరిగిపోయేవా?" అన్నాడు.

"నీకేం తెలుసయ్యా! ఆ హాలుకెళ్ళాకే నేను మోసేదాన్నే కాదు, ఇంకేదో కూడా అని తెలిసింది. ఇక ఆయన రానివ్వడు. అంతా పోయింది," అని ఏడ్చింది. బీరువా ఏడవగలదని డ్రైవరుకు పెళ్ళయిన ఇన్నేళ్ళలో అప్పుడే తెలిసింది. పాపం, తన పళ్ళెంలోది కూడా ఆమెకే వడ్డించాడు.

మర్నాడు పొద్దున ఒక ఇంటి రెండో అంతస్తు నుంచి సామాన్లు దించుతుంటే, మెట్ల మలుపులో మాస్టారు కనబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు.

"నిన్ను చూద్దామని వచ్చాను. నీ పని కానియ్యి," అన్నాడాయన.

చాలాసేపు చూశాడు. తర్వాత గొడుగు గోడకు ఆనించి, "ఆ బల్ల నాకో చివర ఇవ్వు," అన్నాడు. వద్దన్నా వినలేదు. వెన్ను నిటారుగా ఉంచి, మోకాళ్ళు వంచి, పట్టాల్సిన చోటే పట్టాడు. బల్ల జానెడు లేచింది. ఆయన కాళ్ళు వణికాయి. దించేసి మెట్టుమీద కూర్చున్నాడు.

"అంతా సరిగ్గానే చేశాను కదమ్మా?"

"చేశారు మాస్టారూ. ఒక్క తప్పు లేదు."

"నిన్న కూడానా?"

"నిన్న కూడా."

పెద్దరికానికి నిజం మింగుడుపడాలంటే ఎవరికైనా కొంచెం టైం పడుతుంది. తర్వాత లేచి, "నువ్వు మాత్రం మలుపులో తప్పు చేస్తున్నావు," అన్నాడు. "భుజంతో లాగుతున్నావు. ముందు మడమ తిప్పు, నడుం దానంతటదే వస్తుంది."

ఫ్రిజ్ వీపున వేసుకుని అలాగే చేసింది. ఫ్రిజ్ చెప్పినమాట వినే పిల్లలా మలుపు తిరిగింది. ఏళ్ళ తరబడి ఆమె కుడిభుజాన్ని తినేస్తున్న పోటు ఆ మలుపులో పొడవలేదు.

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా!"

"నువ్వు మెట్లమీద కూడా జూడో చేస్తావని నాకేం తెలుసు? సాయంత్రం త్వరగా రా."

ఆ వారంలోనే హాలుకు ఇసుక బస్తాలు వచ్చాయి. పిల్లలు తెల్లబోయారు. "ఇనుము రాకూడదన్నాను. ఇసుక రాకూడదనలేదు," అన్నాడు మాస్టారు. ఎవరో కిసుక్కుమంటే చప్పట కొట్టాడు. రోజూ ముందు బస్తాలెత్తాలి, ఆ తర్వాతే పట్లు. నిజంగా విసిరితే తప్ప ఎవరూ పడకూడదు. మొదటి కొన్నాళ్ళూ ఒక్కరూ పడలేదు. కుళాయి దగ్గర నీళ్ళ కోసం కొట్టుకుంటున్నట్టుండేది హాలంతా. పక్కహాలు వాళ్ళు వచ్చి చూసి నవ్వుకుని పోయారు. నవ్విన నాపచేనే పండుతుందన్న సంగతి వాళ్ళకేం తెలుసు?

ఆ రోజుల్లోనే మాస్టారు అందరి ముందూ చెప్పాడు. "ఈ హాల్లో బీరువాను పడగొట్టినవాళ్ళకే నల్లబెల్టు."

బీరువాకు గర్వంతో ఒళ్ళు పులకరించింది. ఇప్పుడు తను ఆ హాలుకు తూకంరాయి. "మరి నేను మాస్టారూ?" అంది.

"నువ్వు పడటం నేర్చుకో. అదే నీ పరీక్ష."

ఓ మూల మ్యాటు మీద చిన్నపిల్లల పక్కన చేతులు చరుస్తూ దొర్లడం మొదలుపెట్టింది. మాస్టారు కూతురు రోజూ వచ్చి, "అక్కా, సిద్ధమా?" అనేది. బలం లేనన్నాళ్ళూ ఎత్తలేకపోయింది. బలం వచ్చాక ఎత్తింది కానీ తిరగడం మరిచిపోయింది. "చదవేస్తే ఉన్న మతి పోయిందే నీకు!" అని మాస్టారు తల పట్టుకునేవాడు. బీరువా ఏ ఒక్కరోజూ జాలిపడి ఒంగలేదు. తను జాలిపడితే ఆ నల్లబెల్టుకు విలువేముంటుంది?

ఒక సెలవురోజు సాయంత్రం, కడుపునిండా తిని, హాయిగా నిద్రపోయి లేచి వచ్చిన బీరువాను ఆ పిల్ల కాలర్ పట్టి లాగింది. బీరువా కాళ్ళు బిగించింది. పిల్ల మడమ తిరిగింది, నడుం కిందికి చొరబడింది, వంగిన మోకాళ్ళు ఒక్కసారి నిటారయ్యాయి. బీరువా పాదాలు నేలను వదిలాయి.

కిటికీ అద్దాలు గలగలమన్నాయి. టైర్ల షాపతను పరుగున మెట్లెక్కి వచ్చాడు. "ఏం పడిందండీ పైన?"

"బీరువా!" అన్నాడు మాస్టారు. కళ్ళు తుడుచుకోవాలని కూడా ఆయనకు తోచలేదు.

"అక్కా, దెబ్బ తగిలిందా?" అంటూ పిల్ల వంగింది. బీరువా ఆ మెడ చుట్టూ చెయ్యేసి దగ్గరికి లాక్కుని, నా తల్లే అని నుదుటిమీద ముద్దు పెట్టుకుంది. మళ్ళీ వెల్లకిలా పడుకుంది.

ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చిన డ్రైవరు గుమ్మంలోనే కంగారుపడిపోయాడు. "ఏమైందే? లేవవేం?"

"ఉండవయ్యా," అంది ఆమె పైకప్పు చూస్తూ, నవ్వుతూ, కన్నీళ్ళు చెవుల్లోకి జారుతుంటే. "ఇన్నేళ్ళూ అందరివీ నేనే మోశాను. ఇవాళ నన్ను ఒకళ్ళు ఎత్తారు. కాసేపు ఇలా ఉండనీ."