గాలొచ్చినప్పుడు రావొద్దన్న సారు

మా బడి పెద్దసారు పోయారు. సోమవారం పొద్దున చాయ్ తాగుతూ కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయారట. చీరలకు స్టోన్లు అతికిస్తున్న నాకు పక్కింటి వదిన వచ్చి చెప్పింది. చేతుల జిగురు కూడా కడుక్కోకుండా పరుగెత్తాను. చూస్తే కోప్పడేవారే. పరుగెత్తే అమ్మలంటే ఆయనకు గిట్టదు.

సూరత్‌కు మగ్గాల పనికొచ్చిన మాలాంటి వాళ్ల పిల్లలకు తెలుగులో చదువు చెప్పే బడి అది. నవాగామ్‌లో మా గల్లీ చివరే ఉంటుంది. బడులు తెరిచిన కొత్తలో, వాన పడబోయే ముందు ఇక్కడ ఉన్నట్టుండి సుడిగాలి లేస్తుంది. ఇళ్ల మీది రేకులు ఎగిరిపోతాయి. కిటికీలకు దూరంగా, లోపలి గోడ పక్కన తల వంచుకుని కూర్చోవడం సారు పిల్లలకు నేర్పారు. వాళ్లు ఒక్కరోజులో నేర్చుకున్నారు. మొద్దులం మేమే.

“గాలి లేస్తే గంట ఆపకుంట కొడ్త. ఎవరింట్ల వాళ్లు తలుపేసుకొని కూసోండ్రి. తగ్గినంక మళ్లొక గంట కొడ్త, గప్పుడు రాండ్రి,” అని అమ్మలందరినీ పిలిచి చెప్పారు. ఒక శనివారం ఉత్తుత్తినే గంట కొట్టి చూశారు. గంట ఇంకా మోగుతుండగానే గల్లీ మొత్తం గేటు దగ్గరుంది.

“గేటు తియ్యుండ్రి సార్, మా పోరిని తీస్కపోత,” అన్నాను.

“తియ్య. పోరి గోడ చాటున ఉంటది. నువ్వు బాట మీదుంటవ్. రేకు ఎవరి మీద పడ్తది చెల్లె?”

వదిన ఊరుకోలేదు. “పిల్లల్లేనోనివి, కన్నతల్లి బాధ నీకేం ఎరుక?”

ఆయన మాత్రం తాళం తీయలేదు. “నిజమే, నాకెరుక లేదు. పిల్లకు తల్లి ఉండాలె. గదొక్కటే ఎరుక,” అన్నారు.

ఆ తర్వాత ప్రతి శనివారమూ గంట కొట్టారు. మమ్మల్ని తిట్టారు, నవ్వించారు, బతిమాలారు.

పోయినేడు నిజంగానే గాలి లేచింది. మిట్టమధ్యాహ్నం గల్లీ చీకటైపోయింది. గంట మోగింది. నేనూ వదినా మా ఇంట్లో గోడకానుకుని ఒకరి చేయి ఒకరం పట్టుకుని కూర్చున్నాం. ప్రాణమంతా బడిలోనే ఉంది. రెండో గంట విని తలుపు తీస్తే, మేం పరుగెత్తాల్సిన బాటకు అడ్డంగా రేకు ఒకటి మెలితిరిగి పడుంది. వదిన దాన్ని చూసి గడప మీదే కూలబడి ఏడ్చింది.

“అమ్మా, సార్ చేతులు గజగజ వణికినయ్. మేమే పట్టుకున్నం,” అని మా అమ్మాయి ఇంటికొచ్చి చెప్పింది. అంత భయం పెట్టుకుని మా అందరికీ ధైర్యం చెప్పాడా మనిషి! ఆ రోజు నుంచి ఆయన నాకు సొంత అన్నే. అన్న పోతే ఎంత ఏడుస్తారో అంతా ఏడ్చాను, ఇంకా తీరడం లేదు.

నిన్న మళ్లీ గాలి లేచింది. గంట మోగింది. ఎవరు కొట్టారో తెలియదు. లోపల కూర్చోలేక తలుపు తీశాను. గల్లీ పొడుగునా ప్రతి గడప మీదా ఒక తల్లి నిలబడి ఉంది. కొంగులు ఎగురుతున్నాయి, కళ్లలో దుమ్ము పడుతోంది, అందరూ బడి వైపే చూస్తున్నారు. రావొద్దని అరిచే మనిషి లేడు. ఎవరూ గడప దిగలేదు. ఎవరూ లోపలికీ పోలేదు.