సుభానీ గారి చెమట

టైలరు సుభానీకి ఒకటే నమ్మకం: ఒంటికి చెమట పట్టిందంటే వ్యాయామం అయినట్టే. గుంటూరులో ఉండి ఈ నమ్మకం పెట్టుకున్నవాడు ఏడాదిలో పది నెలలు మంచం దిగక్కర్లేదు.

నల్లపాడు స్టేషను రోడ్డులో ఆయన కొట్టు. పైన రేకులు, లోపల మోటారు పెట్టించిన కుట్టుమిషను. కాలి బొటనవేలు ఆనిస్తే చాలు, మిగతా పని అదే చూసుకుంటుంది. మధ్యాహ్నం పండుమిరప పచ్చడి కలిపిన అన్నం నాలుగో ముద్దకే ఆయన నుదురు తడిసిపోయేది.

"చూశావా చెల్లెమ్మా, అరగంట పరిగెత్తినంత," అనేవాడు.

మిరప యార్డు మీదుగా ఆటోలో వస్తూ తుమ్మీ తుమ్మీ చెమట పడితే అదీ వ్యాయామమే.

ఎదురుగా చాప మీద కూర్చుని చీరలకు ఫాల్ కుట్టే పేరమ్మ నవ్వేది. "షుగరున్న మనిషివి, నాలుగడుగులు నడవరాదా అన్నా?"

"ఇంత చెమట కార్చాక మళ్ళీ నడకా? ఒంటికి విశ్రాంతి ఉండద్దా?"

ఈ వ్యాయామానికి శత్రువు ఫ్యాను. కొట్లో ఉన్నది ఒకే ఒక్క బల్ల ఫ్యాను. మెడ బిగుసుకుపోయి ఎటు పెడితే అటే వీస్తుంది. "గాలి తగిలితే చెమట ఆరిపోద్ది. చేసిందంతా దండగ," అని ఆయన దాని మూతి పేరమ్మ వైపు తిప్పేసేవాడు.

పోయిన వేసవిలో ఆ రేకుల కిందే పేరమ్మ చేతిలో సూదితో సహా సొమ్మసిల్లి పడింది. మళ్ళీ పడితే పని మానాల్సిందే, మానితే ఇల్లు గడవదు. అలాగని ఎవరి దయా పుచ్చుకునే మనిషి కాదు. పెదకాకాని గుళ్ళో ప్రసాదమైనా, కాసేపు మండపం ఊడ్చాకే చెయ్యి చాపుతుంది.

రోహిణి కార్తెలో వైద్య కళాశాల నుంచి దీప్తి అనే అమ్మాయి వచ్చింది. ఊళ్ళోవాళ్ళు తాము ఎంత కదులుతున్నామనుకుంటారో, నిజంగా ఎంత కదులుతారో చూడటం ఆ పిల్ల పని.

"చెమట పట్టేలా వారంలో ఎన్ని రోజులు శ్రమ చేస్తారు అంకుల్?"

"ఏడు రోజులూ. పొద్దున నమాజుకి లేచిన కాడ్నించీ."

దీప్తి ఆయన నడుముకి కదలికలు కొలిచే చిన్న పెట్టె కట్టి వెళ్ళింది. వారం తర్వాత ఒక సాయంత్రం వచ్చి, విప్పి చూసింది.

"అంకుల్, మీకన్నా గోడ గడియారం నయం. చెమట వేరు, వ్యాయామం వేరు. ఈ వేడిలో ఇలా కూర్చోకూడదు," అంటూ ఫ్యానును ఆయన వైపు తిప్పింది.

సుభానీ గబగబా లేచి పేరమ్మ వైపు తిప్పాడు. దీప్తి మళ్ళీ ఇటు. ఆయన మళ్ళీ అటు. వారమంతా చేయని కసరత్తు అప్పుడే చేశాడు.

"ఆ పెట్టె తప్పు తల్లీ. నాకు చెమట పట్టాలి."

ఆ గొంతులో దబాయింపు లేదు, బతిమాలుకోవడం ఉంది. ఆయన చూపు పొరపాటున కూడా పేరమ్మ వైపు రావడం లేదు.

పేరమ్మ సూది ఆగిపోయింది. ఈయనకి ఈ నమ్మకం ఎప్పుడు పట్టుకుంది? తను పడిపోయిన మర్నాడు. పచ్చడి, తుమ్ములు, ఆటో... ఒక్క ఫ్యాను ఇటు తిప్పడానికి ఏడాదిగా ఇంత కథ నడిపాడు. దేవుడు కొందరి చేత వెర్రివేషం వేయించి మరీ మంచిపని చేయిస్తాడు. ఇప్పుడు లేచి వెళ్ళిపోతే, దయ పుచ్చుకోననే తన పంతం నెగ్గుతుంది. ఆయన మాత్రం మళ్ళీ తలెత్తి తనతో మాట్లాడలేడు.

"పెట్టెదే తప్పమ్మా," అంది పేరమ్మ. "రోజూ చూస్తున్నా. అన్న పడే కష్టం దానికేం తెలుసుద్ది."

దీప్తి ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఫ్యాను మీద నుంచి చెయ్యి తీసేసింది.

"కాకపోతే అన్నా, ఇక రెండు పూటలా నాకు టీ తెచ్చిపెట్టాలి. పక్క కొట్టుది కాదు, రైలు గేటు అవతలది. నడిచే వెళ్ళు, బండి మీదైతే తొణుకుద్ది."

"అంత దూరమా?"

"తాగాలనుంది అన్నా."

ఇన్నేళ్ళలో ఆమె నోరు తెరిచి అడిగింది ఇదే మొదలు. సుభానీ ఫ్లాస్కు తీసుకుని, పెళ్ళికి బయల్దేరినవాడిలా గేటు వైపు నడిచాడు.

"ఈ ఎండల్లో రెండు పూటలా టీ మంచిది కాదు ఆంటీ," అంది దీప్తి.

పేరమ్మ సూదిలోకి దారం ఎక్కిస్తూ, "నాకసలు టీ పడదమ్మా," అంది.