ఇంజన్‌లో పడిన వాషర్

పంతొమ్మిది వందల డెబ్బైల్లో మా ఆయన సొంత కారును టాక్సీగా తిప్పేవారు. పటమటలో రెండు గదుల ఇల్లు, ఆ కారు, అంతే మా ఆస్తి. ఒకరోజు హనుమాన్ జంక్షన్ దాటాక ఇంజన్ దడదడలాడి, ఆవిర్లు కక్కి ఆగిపోయింది. కంగారులో ఆయన రేడియేటర్ మూత తీశారు. మరిగే నీళ్లు ఎగజిమ్మి కుడిచెయ్యి మోచేతి దాకా బొబ్బలెక్కింది.

కారును ఇంటికి లాక్కొచ్చాక, డిస్ట్రిబ్యూటర్ అరిగిపోయిందని తేలింది. ఏ సిలిండర్‌కి ఎప్పుడు నిప్పురవ్వ అందాలో చూసే భాగం అది. ఇప్పటి కార్లలో ఆ పని కంప్యూటర్ చేస్తుందట. వన్ టౌన్‌లో వేరొకటి కొనుక్కొచ్చి, "మనమే మార్చేద్దాం. నేను చెప్తా, నువ్వు బిగించు," అన్నారు.

అప్పటిదాకా నేను పట్టుకున్నది కుట్టుమిషన్ స్క్రూడ్రైవర్ ఒక్కటే.

"నావల్ల కాదండీ. ఏదన్నా అటూఇటూ అయితే?"

"భయపడమాక. పక్కనే ఉన్నాగా."

మధ్యాహ్నం వాకిట్లో బానెట్ ఎత్తాం. వైర్లు తారుమారైతే ఇంజన్ పేలినట్టు మోగుతుందన్నారు. ఆ భయంతో నాలుగు వైర్లకీ దారాలు కట్టాను. మొదటిదానికి ఒక ముడి, నాలుగోదానికి నాలుగు. బోల్టు విప్పి పాతదాన్ని పైకి లాగితే నల్లటి కంత కనిపించింది. లోపల పళ్లచక్రం నూనెలో మెరుస్తోంది. ఆయన చెప్పినట్టే, కొనుక్కొచ్చినదాన్ని అందులోకి దింపాను. బోల్టు బిగించబోతే దాని కింద ఉండాల్సిన వాషర్ లేదు.

నేలంతా వెతికాను, చీర కుచ్చిళ్లు దులిపాను. లేదు. ఆయనకి చెప్పకుండా బోల్టు అలాగే బిగించేశాను.

ఆయన సీట్లో కూర్చుని, "పక్కకి జరుగు, స్టార్ట్ చేస్తున్నా," అన్నారు.

వాషర్ ఆ పళ్లచక్రం మీద పడి ఉంటే, ఇంజన్ తిరగ్గానే పళ్లు విరిగిపోతాయనిపించింది.

"ఆగండి!" అని అరిచాను. "వాషర్ లోపల పడిందేమో!"

ఆయన చెయ్యి ఆగిపోయింది. సీటు దిగి నా దగ్గరికొచ్చారు. 

"ఎప్పుడు పడింది?"

"బోల్టు విప్పినప్పుడే అయ్యుంటది. చెప్పడానికి భయమేసిందండీ."

తిట్టలేదు. డిస్ట్రిబ్యూటర్ మళ్లీ విప్పించి, పాత రేడియో స్పీకర్ అయస్కాంతానికి రుద్దిన పొడవాటి స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చారు. ప్రభువా అనుకుంటూ కంతలోకి దించాను. రెండుసార్లు ఉత్తదే వచ్చింది. మూడోసారి టిక్కుమంది. మధ్యలో జారిపోతుందేమోనని, వాషర్ బయటికొచ్చేదాకా ఊపిరి తీయలేదు.

అన్నీ మళ్లీ బిగించాక ఇంజన్ ఒక్కసారికే అందుకుంది. ఆయన ఎడమచేత్తో కళ్లు తుడుచుకున్నారు. తానూ భయపడ్డారని అప్పుడు తెలిసింది.

"నేనైతే చెప్పేవాణ్ని కాదేమో," అన్నారు.

నేను లోపలికెళ్లి చేతులు కడుక్కున్నాను. సాయంత్రం బియ్యం ఏరుతున్నప్పుడు కూడా గోళ్లలో ఇంజన్ నూనె నలుపు పోలేదు.