ఆగని పంటు

కార్తీక మాసం, ఆదివారం ఉదయం. వరండాలో ఉన్నవారు: నేను, మా ఆవిడ, డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరిన మా మనవరాలు. అలవాటు కొద్దీ డైరీలో ఇంతవరకు రాసుకున్నానో లేదో, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని ప్రోగ్రాం రాస్తున్న మనవరాలు "అయ్యో తాతా, ఇది ఆగట్లేదు" అని కిలకిలా నవ్వింది. తెరమీద అంకెలు చీమలబారులా దిగిపోతున్నాయి. ఏదో మీట నొక్కి ఆపేసి, ఏమీ జరగనట్టు కాఫీ అందుకుంది. నేను మాత్రం యానాం కాలేజీలో పాఠాలు చెప్పిన తొలి రోజుల్లోకి వెళ్ళిపోయాను.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, కాలేజీల్లోకి కంప్యూటర్లు కొత్తగా వచ్చినప్పుడు వాటికి జరిగిన మర్యాద పెళ్ళికొడుక్కి కూడా జరిగేది కాదు. ఊరంతా చెమటలు కక్కుతుంటే వాటికి మాత్రం ఏసీ గది. చెప్పులు గుమ్మం బయటే విప్పాలి. సాయంత్రమయ్యేసరికి గుడ్డ ముసుగులు వేసి తాళం పెట్టేవాళ్ళం. పిల్లలు మీటలను ఒంటివేలితో, నిప్పుకణికను తాకినట్టు తాకేవారు. వాళ్ళకు మొదటి కంప్యూటర్ భాషగా బేసిక్ చెప్పేవాణ్ణి. పుస్తకంలోని ఉదాహరణలు బుర్రకెక్కేవి కావు కాబట్టి, చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేయించే లూపు నేర్పడానికి, వంతెన లేని ఆ కాలంలో మమ్మల్ని గోదావరి దాటించే పంటునే తెచ్చుకున్నాను. రేవులో కొంతమంది ఉన్నారు, పంటు విడతకు ఇరవైమందిని దాటిస్తుంది, రేవు ఖాళీ అయ్యేవరకు విడతల సంఖ్య తెరమీద రాయించండి అన్నాను.

అందరి పంట్లూ నాలుగైదు విడతల్లో ఆగిపోయాయి. దరియాలతిప్ప నుంచి వచ్చే ఒక అమ్మాయిది మాత్రం ఆగలేదు. వాళ్ళ నాన్న నిజంగానే పంటు మీద పనిచేసేవాడు. అంకెలు అలా పరిగెడుతూనే ఉంటే వెనక బెంచీ కుర్రాళ్ళు ఊరుకుంటారా!

"మీ నాన్నగారింక అన్నానికి రారండోయ్! ఆయనొంతు పులుసు మాకెట్టెయ్యండి!"

యంత్రాన్ని పాడుచేశాననుకుని ఆ పిల్ల ముఖం పాలిపోయింది. నేను ఆపి చూపించినా నమ్మలేదు. "ఇది నాబోటోళ్ళకి కాదండి. రేపొద్దున్నే చరిత్ర గ్రూపులోకి మారిపోతానండి" అని కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. గ్రూపు మారడానికి మర్నాడే ఆఖరు. వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి పిల్ల ఆమె. కంప్యూటరే చదువుతానని పట్టుబట్టి చేరింది. నాలుగు అంకెలకు జడిసి దాన్ని వదులుకుంటుందంటే నాకు మనసొప్పలేదు.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక ఆమె రాసిందంతా వరుస వరుసా చదివాను. సంగతి వెంటనే దొరికింది, దొరికాక నవ్వాగలేదు. పంటు అవతలికి వెళ్ళి వచ్చేలోగా రేవులోకి మరో ఇరవైమంది వచ్చినట్టు రాసింది! తక్కిన వాళ్ళమంతా రేవు ఒక్కసారి నిండి, ఖాళీ అయిపోతుందనుకున్నాం. పుట్టిన దగ్గర్నుంచి రేవును చూస్తున్న పిల్లకు అలా తోచనే లేదు.

మర్నాడు ఉదయం గ్రూపు మార్పు కాగితంతో నా గది గుమ్మంలో నిలబడింది. సంతకం పెట్టకుండా, మీ నాన్న ఇంటికి ఎప్పుడొస్తాడమ్మా అని అడిగాను.

"చీకటడ్డాకండి. ఆకరి ఇడత ఏసేసి, పంటు కట్టేసాకండి."

"మరి రేవులో జనం మిగిలిపోతేనో?"

"మిగుల్తారండి. రేపెల్తారండి" అంది, ఈ మాత్రం తెలియదా అన్నట్టు.

"ఆ ముక్కే యంత్రానికి చెప్పు."

నాకంటే ముందే, తక్కిన పిల్లలు అప్పటికే చేరిన కంప్యూటర్ గదికి నడిచింది. ఆఖరి విడత ఏదో చెబుతూ ఒక్క వరుస చేర్చింది. అంకెలు పరిగెత్తి పరిగెత్తి, ఆగాయి. కాగితం మడిచి సంచిలో పెట్టేసుకుని, వెనక బెంచీ వైపు తిరిగింది.

"మీ పంట్లు పొద్దున్నే కట్టేసుకున్నారండి. రేవులో జనం తిట్టుకుంటన్నారు, ఎల్లి తిప్పండి!"

ఆ రోజు క్లాసులో నవ్వు చాలాసేపు ఆగలేదు. మిగతా వాళ్ళంతా తమ రేవుల్లోకి జనాన్ని పోసుకునే పనిలో పడ్డారు.

ఇప్పుడు గోదావరి మీద వంతెన వచ్చింది, రాత్రీ పగలూ బళ్ళు సాగుతూనే ఉంటాయి. ఒడ్డున మిగిలిపోయేవాళ్ళూ లేరు, రేపెళ్దాంలే అని వెనుదిరిగేవాళ్ళూ లేరు. సుఖమే, కాదనను. చీకటి పడితే ఎక్కడి పని అక్కడ ఆపి ఇంటికి చేరడం మాత్రం ఎవరి లెక్కలోనూ లేకుండా పోయింది.