జొన్నచేలో రాక్ పాటగాడు

నా చిన్నప్పుడు మా జొన్నచేనుకు ఒక విదేశీ రాక్ గాయకుడు కాపలా కాశాడంటే మా మనవడు నమ్మడు. వాడి ఒంటి మీద ఆ గాయకుడి బొమ్మ ఉన్న బనీను ఉంటుంది, జుట్టు విరబోసుకుని గిటారు పట్టుకున్న బొమ్మ. ఆయన పాట ఒక్కటి పాడరా అంటే మాత్రం నీళ్లు నములుతాడు. ఆయన పోయిన రోజు వస్తే ఫోన్‌లో కొవ్వొత్తుల బొమ్మలు పెట్టడం, ఆయన గొప్పా ఇంకొకాయన గొప్పా అని ముక్కూ మొహం తెలియనివాళ్లతో పోట్లాడడం, ఇదీ వాడి అభిమానం. చూస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ గాయకుడి గురించి మాట్లాడే హక్కు మా ఇంట్లో ఎవరికైనా ఉంటే అది నాకే ఉంది. ఆయన పుణ్యాన నేను కొన్నాళ్లు బడికి వెళ్లాను.

మాది జూలూరుపాడు దాటాక వచ్చే ఊరు. మా చేను గట్టు దాటితే అడవే. జొన్న పాలకంకి మీదికి వచ్చిందంటే చాలు, రామచిలుకలు మందలు మందలుగా దిగేవి. పొద్దున ఒకసారి, పొద్దువాలే ముందు ఒకసారి రావడం వాటి అలవాటు, మధ్యలో బుద్ధి పుడితే అప్పుడూ వచ్చేవి. చేను నడుమ గుంజలు పాతి కట్టిన మంచె మీద నిలబడి, వడిసెలతో రాళ్లు విసురుతూ, గొంతు పగిలేలా ‘హోయ్’ అని అరవడం ఇంట్లో పిల్లల పని. మా ఇంట్లో పిల్లలంటే నేనొక్కదాన్నే. అమ్మా నాన్నా మిరపతోటలో ఉండేవారు. తాతయ్యకు మోకాళ్ల నొప్పులు, మంచె ఎక్కలేడు.

ఆ ఏడు నేను ఏడో తరగతి. కిందటేడు జొన్నల కాలమంతా బడి మానేశానని పంతులుగారికి కోపం. ఈసారీ అట్లాగే చేస్తే పరీక్షకు కూర్చోనివ్వనని ముందే చెప్పేశారు. ఆడపిల్లకు ఈ చదువు చాలదా అని ఇంట్లో అప్పటికే గొణుగుడు మొదలైంది. ఆ పరీక్ష తప్పితే ఇక బడి ముఖం చూసేది లేదని నాకు బాగా తెలుసు.

అప్పుడు ఆదుకున్నది పక్కింటి అన్న. కొత్తగూడెంలో బొగ్గుబావి పనికి కుదిరి, టేపు రికార్డరూ ఆ గాయకుడి క్యాసెట్టూ కొనుక్కుని సెలవుకు వచ్చాడు. ఆయనా మా మనవడి బాపతే. ఆ గాయకుడు ఎంత పేదింట పుట్టాడో, తర్వాత ఎన్ని కార్లు కొన్నాడో, కోపం వస్తే వేదిక మీదే గిటారును నేలకేసి ఎట్లా కొట్టేవాడో, నిండా బతక్కుండానే ఎట్లా పోయాడో అడిగినా అడగకపోయినా చెప్పేవాడు. పాలు పితుకుతున్న మా అమ్మను కూడా వదిలిపెట్టలేదు. బర్రె తన్నేదాకా చెప్పాడు. ఒకరోజు మాకు ఆ పాట మహిమ చూపిస్తానని చేను గట్టున కూర్చుని టేపు పెద్దగా పెట్టాడు. గాయకుడు ఒక్క అరుపు అరిచేసరికి చేలో ఉన్న చిలకలన్నీ లేచి అడవిలోకి పోయాయి.

అన్న మొహం మాడిపోయింది, తాతయ్య మొహం వెలిగిపోయింది. బతిమాలీ బామాలీ ఆ టేపును పంట చేతికొచ్చేదాకా ఎరువు తీసుకున్నాడు. మంచె కింద ఇత్తడి గంగాళం పక్కకు వాల్చి, దొర్లకుండా రాళ్లు పెట్టి, అందులో టేపు పెట్టేవాడు. గంగాళంలో పడ్డ ఆ గొంతు ఊరి పొలిమేర దాకా మోగేది. తాతయ్య పక్కనే కూర్చుని క్యాసెట్టు అటూ ఇటూ తిప్పి వేయడం, నీరసపడ్డ సెల్లులను ఎండలో ఆరబెట్టడం చూసుకునేవాడు. నేను బ్యాగు భుజాన వేసుకుని, వెనక ఆ పరాయి దేశపు మనిషి గొంతు చించుకుంటుంటే, దర్జాగా బడికి నడిచేదాన్ని.

ఒక సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి చేను మూగబోయి ఉంది. కంకుల మీద చిలకలు విందు చేసుకుంటున్నాయి. తాతయ్య టేపును తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చిలకలను తోలి పరుగెత్తుకొచ్చి, సెల్లులు అయిపోయాయా అని అడిగాను.

“లే బిడ్డా, సెల్లులు మంచిగనే ఉన్నయ్. నేనే బంద్ చేసిన. వాడు ఏడుస్తుండు.”

నాకు తిక్క రేగింది. అది పాట అన్నాను. ఒక్క ముక్క అర్థం కాని నీకు అది ఏడుపని ఎట్లా తెలిసిందన్నాను. అన్ని కార్లున్నవాడికి ఏడవాల్సిన ఖర్మేంటని అన్న చెప్పినవన్నీ ఏకరువు పెట్టాను. తాతయ్య అంతా విన్నాడు.

“మీ నానమ్మ పోయిన ఏడు నేను గిదే చేన్ల మంచెక్కి గిట్లనే అరిసిన. ఇంట్ల ఏడిస్తే మీ నాయిన బెదురుకుంటడు, చిన్నపోరడు. ఊరోళ్లంత పిట్టల్ని కొడుతున్నడనుకున్నరు. పొద్దుగాల్నుంచి వాడు అరుస్తుంటే నాకు గదే యాదికొస్తుంది బిడ్డా. ఒకని ఏడుపు పెట్టి పిట్టల్ని తోలుడు నాతోని కాదు.”

నానమ్మను నేను చూడలేదు. తాతయ్య ఆమె గురించి మాట్లాడగా వినడం కూడా అదే మొదలు. అయినా ఆ క్షణంలో నాకు తాతయ్య మీద జాలి కలగలేదు, నా పరీక్ష పోయిందనే దుఃఖం తప్ప. తిన్నగా అన్న ఇంటికి పోయాను. మళ్లీ సెలవు మీద వచ్చి ఇంట్లోనే ఉన్నాడు. ఆ పాటలో ఏముందో చెప్పు, అది ఏడుపు కాదని తాతయ్యకు చెప్పు అని పట్టుబట్టాను. పుట్టుక నుంచి చావు దాకా ఆ గాయకుడి బతుకంతా నోటికొచ్చిన మనిషికి ఒక్క చరణానికి అర్థం తెలియదు. పైగా నా మీదే కసురుకున్నాడు, పాటను అనుభవించాలి గానీ అర్థం అడగకూడదట. తల బాదుకుని వచ్చేశాను.

మర్నాడు పొద్దున బ్యాగు పక్కన పడేసి వడిసెల తీసుకున్నాను. తాతయ్య వడిసెల లాక్కుని బ్యాగు నా చేతిలో పెట్టాడు. మంచె నిచ్చెన పట్టుకుని, ఒక్కో మెట్టు మీద ఆగి మోకాలు పట్టుకుంటూ, తనే ఎక్కాడు. కంకులు కోసేదాకా రోజూ ఎక్కాడు. అడవి వైపున్న వరసలు చిలకలు తినేశాయి. మతి ఉండే చేశావా అని నాన్న కేకలేశాడు. అప్పటికి తాతయ్య గొంతు పూర్తిగా పోయింది, జవాబు చెప్పాలన్నా మాట రాలేదు. నేను పరీక్ష రాశాను, పాసయ్యాను.

మొన్నీమధ్య చిలకలను తోలిన ఆ అరుపు పాటను మా మనవడికి కూనిరాగం తీసి వినిపించి, ఫోన్‌లో వెతికి అర్థం చెప్పమన్నాను. వాడు చదివి పడీ పడీ నవ్వాడు. అది కారు పాటట. కొత్త కారు, ఖాళీ రోడ్డు, స్పీడు, అంతే ఉందట. మీ తాత భలే ఏడిపించాడు నిన్ను అన్నాడు. కాసేపు నాకు తిక్కగానే ఉంది. మంచె దిగలేక దిగుతున్న ఆ ముసలి మోకాళ్లు గుర్తొచ్చి ఇంకా తిక్క పుట్టింది. తర్వాత తట్టింది, నానమ్మ పోయిన ఏడు మా తాతయ్య మంచె మీద అరిచిన మాట కూడా ఒట్టి ‘హోయ్’ కదా.

చదువుకుని నేను నర్సునయ్యాను, రిటైరయ్యేదాకా సర్కారు దవాఖానాలో పనిచేశాను. అక్కడ అరవని మనిషి ఉండడు. చీటీ కోసం అరుస్తారు, ఫ్యాను తిరగట్లేదని అరుస్తారు, డాక్టరును నేనేదో కొంగున ముడేసుకున్నట్టు డాక్టరేడని నా మీద అరుస్తారు. మిగతా సిస్టర్లు తిరిగి రెండు మాటలు అనేసి హాయిగా ఉండేవారు. నాకు ఆ సుఖం లేకుండా చేశాడు మా తాతయ్య. ఒకసారి భద్రాచలం అవతలి నుంచి వచ్చిన ఒకాయన, తాగే నీళ్లు లేవని వార్డు బయట వరండా అదిరేలా గొడవ పెట్టాడు. నీళ్లు ఆయన ఎదురుగానే ఉన్నాయి. నాకు మాట నోటిదాకా వచ్చింది, కానీ చెవి అప్పటికే ఆ గొంతులో ఇంకేదో వింది. లోపల ఎవరున్నారని అడిగాను.

“నా బిడ్డ” అన్నాడు. ఆ రెండు మాటలతో గోడకు చేరగిలబడి ఏడ్చాడు. ఆయన ఏడుపు ఆగేదాకా నేను పక్కనే కూర్చున్నాను. ఆ పూట నా పనంతా వెనకబడి నాకు చీవాట్లు పడ్డాయి.

ఈ రోగం ఇప్పటికీ వదల్లేదు. వీధిలో ఎవరైనా గొంతు చించుకుంటే పొయ్యి మీది కూర సంగతి మరిచి కిటికీ దగ్గర నిలబడతాను. చాలాసార్లు అది బండి అడ్డం పెట్టారన్న తగాదానే, నా కూర మాడడమే దండగ. అయినా వినకుండా ఉండలేను. నానమ్మ పోయిన ఏడు మా తాతయ్య ఆ మంచె మీద ఒక పంటకాలమంతా ఏడ్చాడు, ఊళ్లో ఒక్కరూ వినలేదు.